వదినకు వినపడని భాష

జూన్ 4
ఒప్పుకున్నారు! లిఫ్టులు నడిపే మా ఆఫీసు ప్రోగ్రాములన్నీ కొత్త కంప్యూటర్ భాషలోకి మార్చడానికి మేనేజర్ సరేనన్నాడు. ఏడాదిగా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను మరి.

భోజనాల దగ్గర అన్నయ్యకూ వదినకూ గొంతు చించుకుని చెప్పాను. ఇది అసలు సిసలు ఓపెన్. సోర్స్ కోడ్ అంతా నెట్‌లో ఉంది, చదువుకో, మార్చుకో. పాత భాషకైతే రూల్స్ పుస్తకం కూడా కొనుక్కోవాల్సిందే. వదినదీ మా ఆఫీసే. లిఫ్టు తలుపులు మూసే కోడ్ మొదటినుంచీ ఆవిడది. చూపు లేదు, కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే చకచకా టైప్ చేస్తుంది. అంతా విని, చారు చల్లారిపోతోంది, ముందు తినమంది.

జూన్ 5
నిద్రలో కూడా కోడ్ రాస్తున్నానట. అన్నయ్య ఫిర్యాదు.

జూన్ 9
వదిన కొత్త భాషలో మొదటి ప్రోగ్రాం రాసింది. ఎక్కడో తప్పు పడింది. ఈ భాషలో తప్పు వస్తే, మనం రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ దాన్ని బొమ్మ గీసి చూపిస్తుంది. గీతలు, బాణాలు, ఎర్ర రంగు. నేను మురిసిపోతూ అందరికీ చూపించేది అదే. వదిన హెడ్‌ఫోన్స్‌లో ఒకవైపు నా చెవిలో పెట్టింది. నిలువు గీత, నిలువు గీత, డాష్, డాష్, డాష్, టోపీ గుర్తు, టోపీ గుర్తు... అసలు మాట వచ్చేసరికి ఏ లైనులో తప్పో మర్చిపోయాను. పాతది ఫలానా లైనులో ఫలానా తప్పు అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకునేదట.

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ ఓపెన్ కదా! నేనే మారుస్తాను!

జూన్ 14
అయిపోయింది! ఒక్క ఆప్షన్ ఆన్ చేస్తే బొమ్మలు పోయి మామూలు వాక్యాలు వస్తాయి. ఆ భాషను తయారుచేసిన కంపెనీకి పంపేశాను.

జూన్ 15
ఉలుకూ పలుకూ లేదు.

జూన్ 23
జవాబొచ్చింది. రాసినతను మర్యాదస్తుడే. కోడ్ బాగుందట, థాంక్సట. అయితే మెసేజ్‌లు ఎలా కనబడాలో కంపెనీ లోపలి టీమ్ నిర్ణయిస్తుందట. ఈ ఏడాది మార్చరట. ఆ మీటింగ్‌కు నేను రావచ్చా అని అడిగాను. ఉద్యోగులకు మాత్రమేనట.

దీనికి తోడు మేనేజర్ వదినను పిలిచాడు. తలుపుల కోడ్ వచ్చే నెల కొత్త భాషలోకి వెళ్తోంది, ఇబ్బందిగా ఉంటే టెస్టింగ్‌కు మారిపొమ్మన్నాడు. అంటే లిఫ్టు బటన్లు నొక్కి చూసే పని. నేను తెచ్చిన భాష వల్ల! ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ వదిన అంది:

"మీ భాష ఓపెనే, కాదనను. చదవనిస్తారు, రాయనిస్తారు. మాట మాత్రం చెల్లనివ్వరు. పాతదానికి కంపైలర్లు చేసేవాళ్లు నలుగురైదుగురున్నారు. ఒకడు వినకపోతే ఇంకొకడి దగ్గరికి పోతాం. మీదానికి ఉన్నది ఒక్కడే."

ఉక్రోషం వచ్చి, కావాలంటే మొత్తం కాపీ చేసుకుని వేరుగా నడుపుకోవచ్చు, లైసెన్సులోనే ఉంది అన్నాను.

"మరి కూర్చుని ఏం చేస్తున్నావ్?"

నిజమే. ఏం చేస్తున్నాను?

జూన్ 24
ఉదయం, కాఫీ కూడా తాగకుండా: కాపీ చేశాం! పేరు మాత్రం వాళ్లది వాడకూడదట. ఏం పేరు పెట్టాలని అన్నయ్య గంటసేపు సలహాలిచ్చాడు. ఒక్కటీ పనికిరాలేదు. చివరికి వదిన 'పలుకు' అంది.

జూన్ 30
ఒంటిచేత్తో అయ్యే పని కాదని తేలింది. వాళ్లు రోజూ ఏదో మారుస్తారు, మేమూ అదంతా కలుపుకోవాలి. ఏడుపొచ్చింది. ఇంతలో నెట్‌లో 'పలుకు' చూసి ఎవరో పియానోలు శ్రుతి చేసే ఆయన రాశాడు. ఆయనకూ చూపు లేదు, సరదాకి ప్రోగ్రాములు రాస్తాడు. ఈ రోజు కోసమే చూస్తున్నానన్నాడు. ఆయన వెనకే ఒక కాలేజీ టీచరమ్మ, తన విద్యార్థులతో సహా!

జూలై 6
వదిన నా వాక్యాలన్నీ కోసి పారేస్తోంది. నాకు వాగుడెక్కువట. "లైను పన్నెండు. బ్రాకెట్ మూయలేదు." అంతే చాలట. టీమ్‌ను నిలబెట్టి పని చేయిస్తోంది. అందరికీ హడల్. నాక్కూడా.

జూలై 11
మేనేజర్ చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించి, స్క్రీన్ ఆపేసి, తప్పెక్కడుందో చెప్పమంది వదిన. ముందు వాళ్లది వినిపించింది. ఆయన డాష్‌లు వింటూ తల పట్టుకున్నాడు. తర్వాత మాది. గబుక్కున లైను చెప్పేశాడు, క్లాసులో ఫస్టొచ్చిన పిల్లాడిలా! ఆఫీసంతా ఇక 'పలుకు'లోనే. తలుపులు వదినవే!

మెట్లు దిగుతూ ఇద్దరం ఈల వేశాం. వదినకు ఈల వచ్చని ఇన్నేళ్లూ తెలియదు.

జూలై 12
'పలుకు'లో ఏం మార్చాలన్నా బహిరంగ మీటింగ్‌లో ఓటు పెట్టాలని వదిన రూలు రాసింది. నాకూ ఒకటే ఓటట.

జూలై 16
మొదటి మీటింగ్. తప్పు వచ్చినప్పుడల్లా ముందు చిన్న గంట మోగాలని నేను ప్రతిపాదించాను. ఎంతో ముద్దుగా చేశాను ఆ గంటను. ముక్కూమొహం తెలియని వాళ్లు వచ్చి వద్దన్నారు. పియానో ఆయన అది అపశ్రుతి అన్నాడు. వదిన కూడా వాళ్లవైపే ఓటేసింది.

చిత్తుగా ఓడిపోయాను! అబ్బ, ఎంత బాగుందో!