పొట్టంగి సంతలో పండిన కాఫీ

జయపురం
చిరంజీవి మనీషకు మావయ్య బాపిరాజు ఆశీస్సులు.
ఫోన్లో నా మాట పూర్తికానివ్వవు, అందుకే ఉత్తరం. విశాఖలో మీ ఎగుమతి ఆఫీసు మా కాఫీ బస్తాలెందుకు ఆపింది? 2020 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీని ఐరోపా కూటమి రానివ్వదన్నావు. తోట ఎక్కడుందో ఫోనులో గుర్తుపెట్టి పంపమన్నావు. మా కాఫీ వచ్చే నలభై తోటలవీ పంపాను. ఇంకేం కావాలి? పెద్ద దేశాలు కన్నెర్రజేస్తే వాళ్ళ చట్టం ఏడాది వాయిదాపడి పడుకుంటుంది, పొట్టంగి కొండరైతు దగ్గరికొస్తే లేచి కూర్చుంటుంది! ఇది చట్టమా, రాజకీయమా?
ఒళ్ళు మండుతున్న
మావయ్య
తా.క. మీ అత్త అంటోంది: "కాపీకి ఇన్ని రూల్సేటి? టీ తాగమని సెప్పు."

విశాఖపట్నం
మావయ్యకు నమస్కారాలు.
నలభై తోటలకీ ఒకే చోటు గుర్తు పంపారు. ఉపగ్రహం ఫొటోలో అక్కడ చెట్టన్నదే లేదు, రేకు షెడ్లూ ఎర్రమట్టీ. నలభై తోటలూ నరికి చదును చేశారని కంప్యూటర్ తేల్చింది. అది పొట్టంగి సంత కదూ?
మీ మేనకోడలు
మనీష
తా.క. మీ తోటలో మేక కూడా కనిపిస్తోంది.

జయపురం
అమ్మీ,
సంత కాక మరేటి? ముప్పై ఏళ్ళుగా నేను కాఫీ కొనేది అక్కడే. కొండమీద ఎవరి తోట ఎక్కడుందో నాకేం తెలుసు? అయినా పదకొండు రోజులు కొండలెక్కాను. "సావుకారు దారి తప్పేడేటి?" అని రైతులు నవ్వారు. మా సొంత తోటది కూడా కలిపి నలభై గుర్తులూ జతచేశాను. ఇంత కష్టపడ్డాక ఆ చట్టాన్ని ఇంకెవరికోసమైనా ఒక్కరోజు సడలించారా, ఊరుకోను!
మోకాళ్ళు పట్టేసిన
మావయ్య
తా.క. ఆ మేక సంతలో కొట్టున్న మన్మథరావుది. ఎగుమతికి కాదు.

విశాఖపట్నం
మావయ్యకు నమస్కారాలు.
ముప్పైతొమ్మిది తోటలూ పచ్చగా ఉన్నాయి. నలభయ్యోదానిలో అడవిని 2022లో నరికారు. అది మీది. మీ బస్తాలు కలిస్తే అందరి కాఫీ వెనక్కొస్తుంది. అయితే పెద్ద దేశాల ఒత్తిడితో కూటమి గడువును మళ్ళీ ఏడాది వాయిదా వేసింది. ఈసారికి ఎవరూ అడగరు.
మనీష
తా.క. మీరు కొండలెక్కనక్కర్లేకపోయింది.

జయపురం
అమ్మీ,
దేశాల మధ్య సఖ్యత ముందు, చట్టం తర్వాత! ఎంత దూరదృష్టి ఆ కూటమివాళ్ళది! మా బస్తాలూ కలిపి ఓడెక్కించు.
సంతోషంతో
మావయ్య
తా.క. అమ్మీ, ఇది రాసేది మీ అత్త బుల్లి. మా బస్తాలు ఏరి వెనక్కి పంపేయ్, ఆ ముప్పైతొమ్మిది మందివే ఎక్కించు. ఈయన సేసిన పనికి ఆళ్ళ పంటకెందుకు మచ్చ రావాల? రాయగడ నుంచి అడవి సెట్ల మొక్కలు తెప్పించేను. రేపు ఆ నరికిన సోట గోతులు తవ్వడానికి ఈయనే కొండెక్కుతారు. ఐరోపావోళ్ళు వాయిదా ఏసేరు గానీ, నేను ఎయ్యనేదు.