డాక్టరు గారి ఎడమ చెయ్యి

3 జూలై 1964
నెల్లూరు. మళ్ళీ ఆ ఎక్స్‌రే గదిలోనే ఉద్యోగం. రేడియేషన్ కొలిచే పని నేర్చుకోవడానికి బొంబాయి వెళ్ళి తిరిగి వచ్చేసరికి గోడలకు కొత్త సున్నం, మధ్యలో కొత్త మిషన్. ఫిల్ములు కడిగే మందు వాసన మాత్రం అదే. కళ్ళు మూసుకుంటే, కుర్రాడిగా ఇక్కడ నేను సాయం చేసిన రంగయ్య డాక్టరు గారి గొంతు — "ఊపిరి బిగబట్టు తల్లీ... ఆఁ, ఇంక వదులు."

4 జూలై
అందరి కోట్లకూ బ్యాడ్జీలు తగిలించాను. లోపల చిన్న ఫిల్ము ముక్క. ఒంటికి ఎంత కిరణం తగిలితే అది అంత నల్లబడుతుంది. అప్పట్లో మాకు ఇవేవీ లేవు. డాక్టరు గారు ఎర్ర కళ్ళద్దాలు పెట్టుకొని, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా చెప్పే కబుర్లు వింటూ కూర్చునేవాణ్ణి. ఎంత బాగుండేవి ఆ పొద్దులు... తరవాత నన్ను బయటికి పంపి, కిరణాలు పడితే వెలిగే తెర వెనక తన ఎడమ చెయ్యే పెట్టి మిషన్ పరీక్షించేవారు. "నా ఎముకలు కనపడినాయంటే ఊరందరివీ కనపడతాయి."

5 జూలై, ఆదివారం
ముత్తుకూరు బస్సు. రిటైరయ్యాక డాక్టరు గారు అక్కడే. వరండాలో, సముద్రపు గాలికి. ఎడమ చేతికి తెల్లగుడ్డ. విప్పి చూపించారు — గోళ్ళు నల్లబడి, చర్మం బీటలువారి, చూపుడువేలి మీద మానని పుండు.
"చొక్కా బొత్తాలు కూడా నేనే పెడతా ఉండాను నాయనా," అన్నారు ఆయన భార్య సుభద్రమ్మ గారు, లోపలికి పోతూ.
మద్రాసులో వేళ్ళు తీసెయ్యాలన్నారట. ఆయన అడిగింది ఒక్కటే. "ఇన్నేళ్ళలో ఈ చేతికి ఎంత కిరణం పడిందో కొలవగలవా ఖాదరూ? నా తర్వాత ఆ గదిలో నిలబడేవాళ్ళకి పనికొస్తది."
కొలుస్తానన్నాను.

11 జూలై
చెయ్యి కావాలి, కానీ మనిషి చెయ్యి పెట్టకూడదు. రబ్బరు తొడుగులో బియ్యం నింపి, పైన ఫిల్ము ముక్కలు అంటించాను. బియ్యం సుభద్రమ్మ గారు పంపారు. మొలగొలుకులు. "ఆయన చెయ్యి కదా, మంచివే పొయ్యి."

12 జూలై
షెడ్డులో పడి ఉన్న పాత మిషన్ బాగు చేయించి ఎక్స్‌రే గదికి తెప్పించాం. డాక్టరు గారే వచ్చారు. తెర వెనక బియ్యపు చెయ్యి, కిరణాలు దాటని సీసపు అడ్డు వెనక ఇద్దరం. మిషన్ రొద విని ఆయన, "ఇంకొంచెం పెంచు... అంతే. అప్పుడు ఇట్టనే ఉండేది." తెర మీద పచ్చ వెలుతురు. ఆ మొహంలో వయసు కనపడలేదు. అలవాటుగా చెయ్యి బయటికి చాచారు. మణికట్టు పట్టుకొని ఆపాను.
"వద్దు సార్."
ఆయనతో ఎన్నడూ ఆ మాట అన్నవాణ్ణి కాను.

18 జూలై
ఫిల్ములు కడిగాను. తొడుగు వేళ్ళవి బొగ్గులా ఉన్నాయి. రోజూ పొద్దునే, అన్ని ఏళ్ళు... లెక్క వేసి, తప్పేమోనని మళ్ళీ వేశాను. తప్పు కాదు.
తలుపు బయట పెట్టిన ముక్క మాత్రం తేటగా ఉంది. మిషన్ నడిచినంతసేపూ నన్ను అక్కడ నిలబెట్టేవారు. పని నేర్పడం ఇష్టం లేదనుకొని అలిగేవాణ్ణి.

21 జూలై
స్టేషన్. మద్రాసు బండి. కిటికీ దగ్గర ఆయన, పక్కన సుభద్రమ్మ గారు.
"ఎంత వచ్చింది అబ్బయ్యా?"
లెక్క కాగితం జేబులోనే ఉంచాను. నేనే అడిగాను — "నన్ను బయట నిలబెట్టినప్పుడు, మీకు తెలిసే ఉండిందా సార్?"
"ముందు నేను అడిగినాను కదా."
బండి కదిలింది.
రేపు ఆపరేషన్.