గోరువెచ్చని చెంప

మా ఇంటి మహారాణికి,

ఇక్కడ నేనూ పిల్లలూ క్షేమం. తుంటి ఆపరేషనైన అత్తయ్యగారికి సేవ చేస్తూ నువ్వు నిద్రలేక చిక్కిపోయి ఉంటావు. అయినా అక్కడ మీరిద్దరూ క్షేమమనే తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. పెద్దాడికి బూట్లు బిగువైతే కొత్తవి కొన్నాను. చిన్నదానికి జడ వెయ్యడం నా వల్ల కాలేదు. పక్కింటావిడ వేస్తోంది, ఊరికే కాదులే, "మీ నాన్నకి రాణుల జడల గురించి గంటసేపు చెప్పడం వచ్చుగానీ ఒక్క పాయ తియ్యడం రాదు" అని దెప్పుతూ. కుట్టుమిషను మీద గుడ్డ కప్పే ఉంది. పాలగిన్నె మాడింది. ఎంత తోమినా పోలేదు, వచ్చాక నన్ను తిట్టుకుంటూ నువ్వే తోముకుందువుగాని.

మహలు చూడ్డానికి జనం వస్తున్నారా అని అడిగావు. బాగానే వస్తున్నారు. మొన్న నేను గైడుగా తిప్పి చూపిస్తుంటే ఒక పెద్దమనిషి గుమ్మం అంత పొట్టిగా ఎందుకుందన్నాడు. శత్రువు తల వంచి రావాలనే కదా అని జవాబు కూడా ఆయనే చెప్పేశాడు. కాదండీ, అప్పట్లో పొడుగు కర్ర దొరికి ఉండదు అన్నాను. విందుకి పిలిచి మంచినీళ్ళిచ్చి పంపినట్టు మొహం పెట్టాడు. నిజం చెబితే జనం ఆవలిస్తారు. ఆ ఆవలింతలకి జడిసే నేను చెడిపోయాను. పదిమంది నోళ్ళు తెరుచుకుని వింటుంటే నా నాలుక నా మాట వినదు.

ఇక నువ్వు రెండు ఉత్తరాల నుంచీ అడుగుతున్న సంగతి. నీ తమ్ముడు నీకెందుకు రాయడం లేదు, వాడి ఒంట్లో ఎలా ఉంది అని. జ్వరమని రాశాను. అబద్ధం. వాడికి జ్వరమూ లేదు, ఉద్యోగమూ లేదు. సస్పెండ్ చేశారు. దానికి కారణం నేను.

మహల్లో పడమటి గది గోడ మీద దీపం పట్టుకున్న దాసి బొమ్మ ఉంది కదా. నువ్వు క్యారేజీ తెచ్చిన ఒక మధ్యాహ్నం ఆ గోడ తగిలి "ఇదేంటి, ఇంత వెచ్చగా ఉంది" అన్నావు. అవతల వైపు ఎండ కొడుతోంది, అంతే. ఆ సాయంత్రం అన్నాల దగ్గర నేను కథ అల్లాను. బొమ్మ వేసినవాడు తను మనసుపడ్డ పిల్లనే అక్కడ వేశాడనీ, ఆ పిల్ల పోయాక తిండి మానేసి గోడకి చెంప ఆనించి కూర్చుండిపోయాడనీ, ఆ వెచ్చదనం ఇప్పటికీ ఆరలేదనీ. నువ్వు నవ్వి నవ్వి పొలమారితే తమ్ముడు నీ నెత్తి మీద తట్టాడు. ఊపిరి తిప్పుకుని ఒకటే మాటన్నావు. "కథ చెప్తే చెప్పు గానీ జనం చేత చెయ్యి మాత్రం వేయించకు. చేతుల జిడ్డుకి గోడ నాశనమైపోతుంది."

నేను వేయించాను. "కళ్ళు మూసుకుని మెల్లిగా ఆనించండి" అని గొంతు తగ్గించి మరీ వేయించాను. ఆ గదికి కాపలా తమ్ముడే. బొమ్మకి అడ్డంగా తాడు కట్టి ఉండేది. నేను సైగ చేస్తే, బావ మాట కాదనలేక వాడు తాడు ఎత్తేవాడు.

కిందటి నెల ఒకాయన తన చంటిదాన్ని ఎత్తి చెయ్యి వేయించాడు. బొమ్మ చెంప పెచ్చుగా ఊడి ఆ పిల్ల చేతిలోకి వచ్చేసింది. పిల్ల ఏడుపుకి కొత్త ఆఫీసరమ్మ పరుగెత్తుకొచ్చింది. "కాపలా ఎవరు? ముట్టుకోనిచ్చిందెవరు?" అంది. తమ్ముడు నా వైపు చూశాడు. నేను పైకప్పు కేసి చూశాను, అక్కడేదో ఉన్నట్టు. వాడు తల దించుకుని "నాదే పొరపాటు మేడమ్" అన్నాడు.

ఇంటికొచ్చాక "అక్కకి రాయకు బావా, అమ్మతో సతమతమవుతోంది" అన్నాడు, అంతే. ఇప్పుడు పిల్లల్ని బడికి దింపేది వాడే, వండి పెట్టేది వాడే. ఆ అన్నం నాకెలా మింగుడుపడుతోందో అడగకు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మొన్న సోమవారం ఉండబట్టలేక ఆఫీసరమ్మ దగ్గరికి వెళ్ళి, కథ నాదే, తాడు ఎత్తించిందీ నేనే అని చెప్పేశాను. ఆవిడ నవ్వింది. "బామ్మర్దిని కాపాడుకోవాలని మీ తాపత్రయం. మీరు పుట్టించిన కథంటే ఎలా నమ్మమంటారండీ? నా చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పేది" అంది. చిన్నది నీ కడుపులో ఉండగా నేను అల్లిన కథ! పైగా టూరిస్టులకిచ్చే రంగుల పుస్తకం తీసి చూపించింది. 'తరతరాల నమ్మకం' అని అచ్చేశారు. ఆ చిత్రకారుడికి నేనివ్వని గుర్రం కూడా ఇచ్చారు. "తరతరాలుగా జనం ముట్టుకుంటారని తెలిసీ వాడు తాడు ఎత్తాడంటే తప్పు వాడిది కాదూ?" అంది.

నీ దగ్గర ఇదొక్కటి దాచినా మిగతాదంతా దాచినట్టే. ఆ పుస్తకం చూడగానే ఒక్క క్షణం నాకు గర్వమేసింది. నీ తమ్ముడి పొట్ట మీద కొట్టి, నా కథ అచ్చయిందని మురిశాను. అలాంటి మనిషితో కాపురం చేస్తున్నావు.

విచారణ వచ్చే నెలలో. వాడు నోరు విప్పడు, నా మాట చెల్లలేదు. ఆ సాయంత్రం అన్నాల దగ్గర ఉన్న మూడో మనిషివి నువ్వు. ఆఫీసరమ్మకి నువ్వు రాయాలి. నీ మొగుడు అబద్ధాలకోరనీ, నీ కళ్ళ ముందే ఆ కథ అల్లాడనీ, వద్దని నువ్వు చెప్పినా జనం చేత చెయ్యి వేయించాడనీ రాయి. తమ్ముడి కోసమైనా సరే, కట్టుకున్నవాణ్ణి ఏ ఆడదీ ఉత్తినే ఇంత మాట అనదని ఆవిడకి తెలుసు. నా ఉద్యోగం పోతుంది. అది తలుచుకుని, మనసులో మంచివాడేనండీ అని ఒక్క ముక్క కలిపావో, ఆవిడ కరిగిపోయి నన్ను వదిలేసి వాణ్ణి తీసేస్తుంది. నన్ను కనికరించకు. ఇన్నేళ్ళలో నా కథలకి నవ్వావే గానీ ఒక్కదాన్నీ నమ్మలేదు నువ్వు. ఆ మాటే రాసి పంపు.

ఇట్లు,
నీ తమ్ముడి చేత బావా అనిపించుకోవడానికి మొహం చెల్లని
నీ భర్త