గేటు దగ్గర స్టాపు

మార్చి 2
యూనివర్సిటీకి విద్యానగర్ వైపు గేటు మూసేశారు. యూనివర్సిటీ కార్డు ఉంటేనే లోపలికట. ఆడపిల్లల హాస్టల్ దగ్గర బయటివాడెవడో గొడవ చేశాడట... కాదనలేం. కానీ పక్షవాతం వచ్చాక మా ఆయన్ని రోజూ నడవమన్నాడు డాక్టరు. మా గల్లీలో బైకుల మధ్య ఎక్కడ నడుస్తాడు? లోపలి చెట్ల రోడ్డే దిక్కు.

మార్చి 3
వరండాలోనే అటూ ఇటూ. తిరిగేలోపే గోడ. నా మీద చిర్రుబుర్రులు.

మార్చి 6
పైగదిలో కిరాయికుండే స్వప్న అక్కడే పీజీ చదువుతోంది. పొద్దున మాతో గేటు దాకా వచ్చింది. గార్డుతో తొణక్కుండా — "మా సార్. రిటైరయిండు. ఆంటీ గూడ వస్తది." గార్డు నమస్తే పెట్టాడు. నవ్వాపుకోలేక చచ్చాను. చిక్కడపల్లి రూటులో బస్సు తోలిన మనిషి — సారట.

మార్చి 21
ఎడమ కాలు ఈడ్చడం తగ్గింది. నిజంగానే తగ్గింది. ఎంత సంతోషంగా ఉందో.

మార్చి 22
లోపల ఒక కుర్రాడు ఎదురొచ్చి ఈయన కాళ్లకి దండం పెట్టాడు. "సార్, జర దీవించుండ్రి. ఇయ్యాల ఇంటర్వ్యూ ఉన్నది." ఈయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇంటికొచ్చాక, చాయ్ ముందు — "గా పోరడు నిజమే అనుకున్నడు."

మార్చి 23
నడకకి రానన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ గేటు దగ్గర స్టాపు లేకపోయినా, పరీక్షల రోజుల్లో బస్సాపి పిల్లల్ని దింపింది ఎవరు? దానికి మెమోలు తీసుకున్నది ఎవరు? "గది వేరే" అంటాడు. ఏం వేరే?

మార్చి 24
స్నానం చేసి వచ్చేసరికి మనిషి లేడు. పరిగెత్తాను. గేటు దగ్గర గార్డుతో చెప్పేస్తున్నాడు — "నేను సార్‌ను గాదు తమ్మీ. బస్సు డ్రైవర్‌ను. పక్క గల్లీలనే ఇల్లు. ఆ పిల్లనేమనకు."
"గిట్ల చెప్తే ఎట్ల పంపాలె కాక? నా నౌకరి పోతది."
గార్డు తన కుర్చీ తెచ్చి గేటు బయట వేశాడు. "జర కూసోండ్రి."
ఈయన కూర్చున్నాడు. లోపలి రోడ్డు చూస్తూ.

మార్చి 26
పొద్దున్నే చెప్పులు వేసుకుంటున్నాడు. ఎక్కడికి? "కుర్చీ దాక."
వెళ్లాం. కుర్చీ ఇవాళ గేటు లోపల ఉంది, చెట్టు కింద. గార్డు అటు తిరిగి ఫోన్ చూసుకుంటున్నాడు. గేటు ఒక మనిషి పట్టేంత తెరిచి ఉంది.
ఈయన అక్కడే ఆగిపోయాడు. నా వైపు చూశాడు. "ఈసారి సార్ అని కాదు కదా, పదండి" అన్నాను.