నాలుగు వందల తూటాలకోసారి

జూన్ 2, సోమవారం

ఈ ఉదయం చూసుకుంటే కుడి చూపుడు వేలి గోటి కింద సన్నటి నల్ల గీత. సబ్బుతో రెండుసార్లు రుద్దినా పోలేదు. కాన్వెంట్ బడిలో ప్రతి సోమవారం సిస్టర్లు గోళ్లు చూసేవాళ్లు. బడి వదిలి ఆరేళ్లయినా, సోమవారం వస్తే చేతులు వెనక్కి దాచుకోవాలనిపిస్తుంది.

అది నిన్న బ్యారెల్ తుడిచినప్పటి మసి. షూటింగ్ రేంజ్‌లో ప్రాక్టీస్ అయ్యాక ప్రతిరోజూ రాడ్‌కి గుడ్డముక్క తొడిగి రైఫిల్ లోపలంతా తుడుస్తాను. చివరి గుడ్డ తెల్లగా వచ్చేదాకా వదలను. నా దగ్గరున్న పాత మాన్యువల్‌లో అలాగే చెయ్యమని ఉంది.

అమ్మ అంది కదా, ఇంట్లో నాలుగు గిన్నెలు తోమమంటే ప్రూఫులున్నాయంటావు, అక్కడ ఇనప గొట్టం తోమడానికి మాత్రం నీకు తీరికే తీరిక అని.  ప్రూఫులు నిజంగానే ఉన్నాయి. ప్రెస్‌లో ఈ నెల మూడు పాఠ్యపుస్తకాలు దిద్దాలి.

జూన్ 4

క్లబ్బులో మంచి పాయింట్ టూ టూ రైఫిల్, చిన్న తూటాలది, ఒక్కటే. దాన్ని నాకూ అక్కకూ కలిపి ఇచ్చారు. అక్క అంటే తోడబుట్టింది కాదు. నాకంటే పదేళ్లు పెద్దది, కళ్లజోళ్ల షాపులో వచ్చిన వాళ్లకి చూపు పరీక్ష చేస్తుంది. తన ప్రాక్టీస్ రోజులు వేరు, నావి వేరు.

టీమ్‌లో ఖాళీ ఉన్నది ఒక్క చోటే. ట్రయల్ ఇరవై ఎనిమిదిన. అక్కకిది మూడో ట్రయల్. ముందు రెండుసార్లూ ఒక్క పాయింట్ తేడాలో పోయింది. ఈసారి కూడా రాకపోతే ఇక చాలు, మా పిల్లకి లెక్కలు చెప్పుకుంటూ ఇంటిపట్టున కూర్చుంటా అంది. నవ్వుతూనే అంది.

ఆ చోటు నాకూ కావాలి. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

జూన్ 7

బాబాయ్ నన్ను పట్టుకున్నాడు. రేంజ్‌లో రైఫిళ్లు బాగుచేసే పెద్దాయన, చిన్నా పెద్దా అందరికీ బాబాయే. నేను మూడో గుడ్డ తొడుగుతుంటే వచ్చి నిలబడ్డాడు. రోజూ స్నానం చేయిస్తే దానికి జలుబు చేస్తుంది తల్లీ అన్నాడు.

మాన్యువల్ తీసి చూపించాను. అద్దాలు పైకి నెట్టి ఒక పేజీ చదివాడు. ఇది రాసినాయన సైన్యంలో పెద్ద తుపాకులు మోసినాయన అయ్యుంటాడు, ఈ చిన్నదాని సంగతి ఆయనకేం తెలుసు అన్నాడు.

తరువాత కూర్చోబెట్టి చెప్పాడు. ఈ చిన్న తూటా సీసం మీద పల్చగా మైనం ఉంటుంది. పేల్చగా పేల్చగా ఆ మైనం బ్యారెల్ లోపల పూతలా పరుచుకుంటుంది. పూత కుదిరాకే షాట్లన్నీ ఒకచోట పడతాయి. నువ్వేమో సాయంత్రానికి అదంతా ఊడ్చేసి, మర్నాడు మళ్లీ మొదటికొస్తున్నావు అన్నాడు.

మరి ఎన్నాళ్లకోసారి తుడవాలి బాబాయ్ అన్నాను. నన్నడిగితే ఏం లాభం, దాన్నే అడుగు అని రైఫిల్ వైపు గడ్డం ఊపి వెళ్లిపోయాడు.

జూన్ 8

అడుగుతాను.

జూన్ 17

జవాబు వచ్చింది.

ఎనిమిదిన బ్యారెల్ ఒకసారి బాగా తుడిచి, తరువాత ముట్టుకోలేదు. మొదటి రెండు రోజులు చేతులు దురద పెట్టాయి. అక్కని ఒప్పించాను. ఇద్దరం పేల్చిన ప్రతి తూటా నోట్‌బుక్‌లో రాశాం, ప్రతి ఐదింటికీ ఒక కొత్త టార్గెట్ కాగితం. రోజూ వాటిని ఇంటికి తెచ్చి స్కేలుతో కొలిచాను. తమ్ముడు చూసి, నీకు పెళ్లయితే మీ ఆయన చొక్కా చిరుగులు కూడా ఇలాగే కొలుస్తావా అన్నాడు.

తుడిచిన వెంటనే మొదటి పన్నెండు, పదమూడు షాట్లు చెదిరిపోతాయి. ఎక్కువగా పైకి, ఎడమకి. పదిహేను దాటాక ఒక్కసారిగా కుదుటపడుతుంది. ఐదు రంధ్రాలూ కలిసి చొక్కా గుండీ కింద దాగిపోతాయి. అలా నాలుగు వందలదాకా మాట్లాడకుండా పనిచేస్తుంది. నాలుగు వందల ముప్ఫై దగ్గర ఐదింట్లో ఒకటి పక్కకి పోవడం మొదలుపెట్టింది. బాబాయ్ లైటు వేసి లోపలికి చూశాడు. తూటా బ్యారెల్‌లోకి దూరే చోట మసి గట్టిపడి ఉంగరంలా పేరుకుంది. దాన్ని తీసేసి, తుడిచి, మళ్లీ పేల్చాం. మొదటి పన్నెండూ మళ్లీ చెదిరాయి. తరువాత మళ్లీ గుండీ.

కాబట్టి రూలు ఇది. నాలుగు వందలకోసారి తుడవాలి. తుడిచాక పదిహేను తూటాలు ఊరికే మట్టిదిబ్బలోకి పేల్చాలి. అలా పేల్చే వీలు లేకపోతే తుడవకూడదు. అక్క దానికి ముఖం కడుక్కుని పౌడర్ రాసుకోవడం అని పేరు పెట్టింది. బాబాయ్ నోట్‌బుక్ అంతా తిరగేసి, ముప్ఫై ఏళ్లుగా నేను ఉజ్జాయింపుగా చెప్తున్నదాన్ని నువ్వు కాగితం మీద పెట్టావు అన్నాడు.

నా జీవితంలో నేను కనిపెట్టింది ఇదొక్కటే. ఇవాళ ప్రెస్‌లో ఎవరో పిలిస్తే మూడోసారికి గానీ వినపడలేదు.

జూన్ 22

ఇవాళ ఇద్దరం ఉన్నాం. నలభై షాట్లకి అక్క 393. నేను 388.

తన టిఫిన్ డబ్బా తెరిచి సగం నా వైపు జరిపింది. నీ పిచ్చి లెక్కలు లేకపోతే ఈ రైఫిల్‌ని ఇంకా తిట్టుకుంటూనే ఉండేదాన్నే అంది. కోచ్ సార్ అటుగా వెళ్తూ, ఈసారి అక్కని ఆపేవాళ్లు లేరు అన్నారు.

నేను కూడా నవ్వాను. ఆకలి లేదని చెప్పాను.

జూన్ 27, సాయంత్రం ఆరు

లెక్క 412 అయింది. రూలు ప్రకారం తుడవాలి. తుడిచాను, చివరి గుడ్డ తెల్లగా వచ్చేదాకా. తరువాత పదిహేను పేల్చాలి. రేపటి ట్రయల్ కోసం తూటాల బీరువాకి కోచ్ సార్ మధ్యాహ్నమే తాళం వేసి వెళ్లారు.

నోట్‌బుక్‌లో ఏమీ రాయకుండా సంచిలో వేసుకుని ఇంటికి వచ్చేశాను.

జూన్ 28

తూటాలు తక్కువ ఉన్నాయని ట్రయల్‌కి ముందు గురి చూసుకోవడానికి ఐదు షాట్లే ఇచ్చారు. అక్కది మొదటి బ్యాచ్. ఆ సంగతి నిన్న రాత్రి కోచ్ సార్ తనకి ఫోన్ చేసి చెప్పారట. అక్క దిగాక అదే రైఫిల్‌తో నేను.

తన వెనక కుర్చీలో కూర్చున్నాను. ఐదు షాట్లూ పైకి, ఎడమకి పోయాయి. గాలేమో అనుకుని జెండా చూసింది. జెండా కదల్లేదు. గురి సరిచేసే సైట్ మరను కిందికి, కుడికి తిప్పింది. తొమ్మిదో షాటుదాకా బాగానే పడ్డాయి. అక్కణ్నించి ఒక్కొక్కటే కిందికి, కుడికి జారడం మొదలైంది. బ్యారెల్ కుదురుకుంటోంది. నిన్న దాన్ని తుడిచానని అక్కకి తెలియదు. మళ్లీ తిప్పింది. మళ్లీ జారింది. ఇవాళ ఎన్నో తూటాకి అది స్థిరపడుతుందో అక్కడ నాకొక్కదానికే తెలుసు. లైన్ మీద ఉన్నవాళ్లతో మాట్లాడకూడదని నిబంధన. నిజంగానే ఉంది.

అక్క 381.

లేచి జాకెట్ విప్పి, చేతులు లోపలికి మడిచి చక్కగా పెట్టుకుంది. రైఫిల్ నాకిస్తూ, ఇవాళ దీనికి నామీద కోపంగా ఉంది, నువ్వు బుజ్జగించు అంది. బ్యారెల్ వెచ్చగా ఉంది. నా మొదటి షాట్ సరిగ్గా మధ్యలో పడింది.

389. చోటు నాది.

అమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసింది, మా అమ్మాయి తుపాకీలో ఫస్టొచ్చిందని. ఇంతకీ ఎవర్ని కాల్చింది అని పిన్ని అడిగిందట.

జూన్ 30

మధ్యాహ్నం ప్రెస్ నుంచి అక్క షాపుకి వెళ్లాను. ఊరికే కూర్చోవడం ఎందుకని నన్ను పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టింది. అద్దం మారుస్తూ ఇప్పుడెలా ఉంది, ఇప్పుడో అని అడుగుతోంది. శుక్రవారం సాయంత్రం బ్యారెల్ తుడిచానని అప్పుడు చెప్పాను.

తన చెయ్యి ఆగింది. పదిహేనూ పేల్చావా అంది. లేదన్నాను. బీరువాకి తాళం ఉందన్నాను.

 చేతిలో అద్దాన్ని చీర కొంగుతో తుడిచింది. ఆ తరువాత అంది, పోనీలేవే, నేను ముందు వెళ్లాను కాబట్టి నేను పోయాను, నువ్వు వెళ్లుంటే నువ్వే పోయేదానివి, ఎవరు ముందో నీకు మాత్రం తెలుసా ఏంటి.

తెలియదన్నాను.

ఆఖరి వరస చదవమంది. తప్పు లేకుండా చదివాను. కళ్లు నిక్షేపంగా ఉన్నాయి, జోడు అక్కర్లేదు అంది. వెళ్లేటప్పుడు తన షూటింగ్ జాకెట్ కవర్లో పెట్టి ఇచ్చింది. తనకింక పనిలేదట. చేతులు కాస్త పొడవవుతాయి, మడుచుకో అంది.

జూలై 1

బ్యాచ్‌ల లిస్టు గురువారమే నోటీసు బోర్డు మీద అంటించారు. ఆ రోజే, ప్రూఫ్ చదివినట్టు రెండుసార్లు చదివాను.