లత అడిగిన కోర్సు

సోమవారం, రాత్రి

ఇవాళ మా అమ్మాయి లతని కమ్యూనిటీ కాలేజీలో చేర్పిద్దామని అనకాపల్లి తీసుకెళ్ళేను. కుట్టుపని, కంప్యూటరు, బ్యూటీషియన్, నర్సింగు... ఎన్ని కోర్సులో! అక్కడి మేడం ఒక్కొక్కటీ ఓపిగ్గా చెప్పింది. లత మాత్రం కెమికల్ ప్లాంట్ ఆపరేటర్ కోర్సే కావాలంది. అలాంటి కెమికల్ కంపెనీలో రియాక్టరు పేలే కదా దీని నాన్న పోయేడు.

"అదొద్దమ్మా, కుట్టుపని నేర్చుకో," అన్నాను.

"నాన్నకి ఎవరూ ఏటీ నేర్పనేదు కదమ్మా. చేరిన రోజే మిషను దగ్గర నిలబెట్టీసేరు," అంది.

సరే అన్నాను.

ఇప్పుడు హాయిగా పడుకుంది. అది ఎంత బాగా నేర్చుకున్నా, కంపెనీ సైరన్ మోగితే నేను ఆ రోజులాగే మళ్ళీ చెప్పుల్లేకుండా ఆ గేటు దగ్గరికి పరిగెత్తాల్సిందే కదా...