బీరకాయకు కట్టిన పేలిక

అక్కుపల్లి,
18-8-2003

లోకనాథం,

నిరుడు నువ్వు హైబ్రిడ్ బీర విత్తనాల ప్యాకెట్టు తెచ్చి, "ఇంకా ఈ ముతక బీరేటక్కా, పీకియ్యి!" అని నవ్వితే, మీ అక్క తన పాత పాదు పీకేసింది. కొత్త పాదుకు కాసిన మొదటి కాయను ఎప్పటిలాగే విత్తనానికి వదిలి, తన చీర పేలిక కట్టింది. "మా తమ్ముడిచ్చిన ఇత్తనం, కొయ్యకండి" అంది. కార్తీకంలో తనే పోయింది.

ఆమె దాచిన ఆ గింజలే ఈ మృగశిరకు నాటాను. నాలుగు వంకర పిందెలు వేసి పాదు ఎండిపోయింది. హైబ్రిడ్ గింజ మరుసటేడు అలా కాయదని టెక్కలిలో విత్తనాల కొట్టు నడిపే నీకు తెలుసు. అక్కకు చెప్పలేదు.

మీ గృహప్రవేశానికి ఆమె పాత బీర గింజలు మూటకట్టి ఇచ్చింది. మీ ఆవిడ పారేయకుండా ఉంటే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపు. నువ్వు రావద్దు.

పేలిక నా దగ్గరే ఉంది. కట్టడానికి ఆమె కాయ ఒక్కటి కావాలి.

మీ బావ